ఆరు నెలల గడువుతో కట్టి, యాభై ఐదేళ్లు వాడుకున్న భవనం

అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగర అధికారులు 1943లో ఒక చెక్క భవనానికి అనుమతి ఇచ్చారు. అంత పెద్ద కట్టడాన్ని చెక్కతో లేపడానికి అక్కడి అగ్నిమాపక నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. యుద్ధకాలం, ఉక్కు దొరకని కాలం కనుక సడలింపు ఇచ్చి ఒక షరతు రాశారు. యుద్ధం సాగినన్నాళ్లు, అది ముగిశాక ఇంకో ఆరు నెలలు, అంతవరకే దాని ఆయుష్షు. యుద్ధం 1945 సెప్టెంబరులో ముగిసింది. కాగితం మీది లెక్క ప్రకారం 1946 వసంతానికల్లా అక్కడ ఖాళీ నేల ఉండాలి. భవనాన్ని నిజంగా కూల్చింది 1998లో.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అంటే ఎం.ఐ.టి.లో, అది 20వ నంబరు భవనం. ఆ ప్రాంగణంలో భవనాలకు పేర్లకన్నా నంబర్లే ఎక్కువ వాడుక. లోపల పనిచేసినవాళ్లు దానికి ముద్దుపేర్లు పెట్టుకున్నారు. వాటిలో బాగా నిలిచినవి ‘ప్లైవుడ్ ప్యాలెస్’, ‘మ్యాజికల్ ఇన్‌క్యుబేటర్’. మొదటి పేరు గోడలను చూసి వచ్చింది, రెండోది ఆ గోడల మధ్య జరిగిన పనిని చూసి వచ్చింది.

దీని గురించి ఇవాళ ప్రచారంలో ఉన్న కథ ఇలా సాగుతుంది. రకరకాల శాస్త్రవేత్తలను ఒక వికారమైన చెక్క కొట్టంలో కలిపి పడేశారు, వాళ్లు వరండాల్లో ఒకరికొకరు ఎదురుపడ్డారు, మాటల్లోంచి కొత్త ఆలోచనలు పుట్టుకొచ్చాయి. ఈ కథను నమ్మి ఆఫీసుల్లో గోడలు తీయించినవాళ్లు, పైపులు బయటకు కనిపించేలా వదిలినవాళ్లు, అందరూ తప్పనిసరిగా దాటిపోయే చోట కాఫీ యంత్రం పెట్టించినవాళ్లు ఎందరో ఉన్నారు. కథలో అబద్ధం లేదు. అయితే అందులో ఉన్నది సగమే. వదిలేసిన సగంలోనే అసలు కారణాలు ఉన్నాయని నా అభిప్రాయం. వాటిని చూడాలంటే ముందు ఆ భవనం ఎందుకు పుట్టిందో చూడాలి.

రాడార్ కోసం

1940 సెప్టెంబరులో బ్రిటన్ నుంచి హెన్రీ టిజార్డ్ నాయకత్వంలో ఒక శాస్త్రీయ బృందం అమెరికా చేరింది. వాళ్లు వెంట తెచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది అరచేతిలో పట్టుకోదగిన ఒక పరికరం, కేవిటీ మాగ్నెట్రాన్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అదే ఏడాది మొదట్లో దాన్ని పనిచేయించి చూపారు. అప్పటిదాకా రాడార్లు ఎక్కువగా మీటర్ల పొడవున్న తరంగాలతో నడిచేవి. వాటికి భారీ యాంటెన్నాలు కావాలి. మాగ్నెట్రాన్ పది సెంటీమీటర్ల ప్రాంతంలో ఉండే తరంగాలను చాలినంత శక్తితో పుట్టించింది. తరంగం పొట్టిదైతే యాంటెన్నా చిన్నదై విమానంలో ఇమిడిపోతుంది. కిరణపుంజం సన్నబడి, రాత్రివేళ సముద్రం మీదకు తేలిన జలాంతర్గామిని కూడా పట్టిస్తుంది. బ్రిటన్ చేతిలో పరికరం ఉంది. బాంబుల వర్షం కింద దాన్ని పూర్తి స్థాయి ఆయుధంగా అభివృద్ధి చేసే వనరులు మాత్రం చాలవు.

ఆ బాధ్యతను అమెరికా తలకెత్తుకుంది. ఎం.ఐ.టి.లో 1940 చివర్లో ‘రేడియేషన్ లేబొరేటరీ’ మొదలైంది. ఆ పేరే ఒక ముసుగు. అప్పట్లో ఆ మాట వింటే పరమాణు భౌతికశాస్త్రం గుర్తొచ్చేది, యుద్ధానికి దానితో పనిలేదని లోకం అనుకునేది. భౌతికశాస్త్రవేత్త లీ డుబ్రిడ్జ్ దానికి అధిపతి. ఇసిడోర్ రాబీ లాంటి దిగ్గజాలు వచ్చి చేరారు. 1941 జనవరిలో ఒక భవనం కప్పు మీద పెట్టిన తొలి పరికరంతో చార్లెస్ నదికి అవతలి ఒడ్డున ఉన్న బోస్టన్ భవనాల ప్రతిధ్వనులను పట్టుకోగలిగారు. కొన్ని పదుల మందితో మొదలైన సంస్థ యుద్ధం ముగిసేనాటికి నాలుగు వేల మందికి చేరువైంది. అమెరికా ఆ యుద్ధంలో వాడిన రాడార్లలో దాదాపు సగం రకాలు ఇక్కడ రూపుదిద్దుకున్నవే.

ఇంతమందికి చోటు కావాలి, అది కూడా వెంటనే. 1943లో ఎం.ఐ.టి. నుంచి వాస్తుశిల్పి డాన్ విస్టన్‌కు ఫోను వచ్చింది. ఆయన ఆ సంస్థలోనే చదువుకున్నవాడు. ప్రాథమిక నమూనాలు, వివరాలు అదే రోజు సాయంత్రానికి సిద్ధం చేసి ఇచ్చాడు. వాసర్ వీధి పక్కన రెండు లక్షల చదరపు అడుగులకు పైగా విస్తీర్ణంతో మూడంతస్తుల కట్టడం నెలల్లోనే లేచింది. లావుపాటి చెక్క దూలాలు, చెక్క స్తంభాలు, బయట ఆస్బెస్టాస్ పలకలు, లోపల పలుచని అడ్డుగోడలు. ఇవే సరంజామా.

తొందరలో కట్టిన ఈ కట్టడంలో ఒక విషయంలో మాత్రం ఎవరూ తొందరపడలేదు. నేల చదరపు అడుగుకు 150 పౌండ్ల బరువు మోసేలా కట్టారు. మామూలు ఇళ్లకు 40, ఆఫీసు గదులకు 50 పౌండ్లు చాలంటారు. లోపలికి రాబోయేవి ట్రాన్స్‌ఫార్మర్లు, అయస్కాంతాలు, ఇనుప పెట్టెలు కనుక ఆ జాగ్రత్త అవసరమైంది. బరువంతా స్తంభాల మీదా దూలాల మీదా పడేది. కాబట్టి మధ్య గోడను తీసేసినా భవనానికి ఏమీ కాదు. నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు వరండాల పైకప్పుల కింద బయటికే కనబడుతూ సాగేవి. ఎవరికి కావలసినచోట వాళ్లు అందులోంచి ఒక పాయ లాక్కోవచ్చు. కిటికీలు తెరుచుకునేవి. ఈ వివరాలను చదివి దాటేయకండి, తర్వాతి యాభై ఏళ్ల కథ వీటి మీదే నిలబడింది.

కూల్చివేత ఎందుకు ఆగింది

1945 డిసెంబరు 31న రేడియేషన్ లేబొరేటరీ మూతపడింది. శాస్త్రవేత్తలు తమ తమ విశ్వవిద్యాలయాలకు తిరుగుముఖం పట్టారు. షరతు ప్రకారం భవనాన్ని కూల్చే పని మిగిలింది. సరిగ్గా అప్పుడే ఇంకో వరద మొదలైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువు ఖర్చు భరిస్తామని అమెరికా ప్రభుత్వం 1944లో చట్టం చేసింది. లక్షల మంది మాజీ సైనికులు కళాశాలల తలుపు తట్టారు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ సైన్యం వదిలేసిన బారకాసులను తెచ్చి పాతుకుంటున్న సమయంలో ఉన్న రెండు లక్షల చదరపు అడుగులను ఎం.ఐ.టి. ఎందుకు కూలుస్తుంది? కూల్చివేత వాయిదా పడింది. ఆ తర్వాత ఎప్పటికప్పుడు వాయిదా పడుతూనే వచ్చింది.

రెండో కారణం పరిశోధన. యుద్ధకాలపు పరికరాలు, అనుభవం, మనుషులు చెదిరిపోకుండా 1946లో రిసెర్చ్ లేబొరేటరీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్‌ను స్థాపించారు. దీన్ని ఇక మీదట ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీ అందాం. దాని పక్కనే పరమాణు శాస్త్రానికి ఇంకో లేబొరేటరీ వచ్చింది. రెండూ 20వ భవనంలో చోటు చేసుకున్నాయి. ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీకి డబ్బు అమెరికా సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఉమ్మడిగా ఇచ్చేవి. ఆ నిధుల తీరు చాలా ముఖ్యం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడో కారణం మనుషులు. కొత్తగా మొదలైన పని, ఇంకా ఒక విభాగంగా గుర్తింపు రాని పని, పెద్ద భవనాల్లో చోటు దొరకని పని ఏదున్నా అక్కడికే పంపేవారు. భాషాశాస్త్రవేత్తలు అలా వచ్చారు. పియానోలు బాగుచేసేవాళ్లు, సైనిక శిక్షణ కార్యాలయం, విద్యార్థి సంఘాలు, జీవకణాలను పెంచే ప్రయోగశాల కూడా అలాగే చేరాయి.

నేలను కోసిన మనిషి

ఈ భవనం ఇచ్చిన స్వేచ్ఛకు జెరాల్డ్ జకరాయస్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఆయన రేడియేషన్ లేబొరేటరీలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. 1950ల మొదట్లో ఆయన పట్టుదల ఒక్కటే, సీసియం పరమాణువుతో గడియారం కట్టాలి. సీసియం పరమాణువు రెండు శక్తిస్థితుల మధ్య మారేటప్పుడు విడుదలయ్యే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది ప్రకృతిలో స్థిరంగా ఉంటుంది. ఆ కంపనాలను లెక్కపెడితే అంతకన్నా నమ్మకమైన గడియారం ఉండదు. పరమాణువులను ఎంతసేపు గమనించగలిగితే కొలత అంత కచ్చితంగా వస్తుంది.

ఎక్కువసేపు గమనించడానికి జకరాయస్‌కు ఒక అందమైన ఉపాయం తట్టింది. పరమాణువులను కింద నుంచి పైకి ఫౌంటెన్‌లా విసరాలి. అవి గురుత్వాకర్షణకు లొంగి నెమ్మదిస్తూ పైకి వెళ్లి మళ్లీ కిందకు పడతాయి. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలవాలి. దీనికి చాలా ఎత్తైన గొట్టం కావాలి. ఆయన ప్రయోగశాలలో పైన ఉన్న రెండు అంతస్తుల నేలను కోసేసి, మూడంతస్తుల లోహపు గొట్టాన్ని నిలబెట్టారు. పాలరాతి మెట్లున్న భవనంలో ఆ కోరిక ఎన్ని కమిటీలు దాటాలో ఊహించుకోండి.

ఆ ఫౌంటెన్ పనిచేయలేదు. కింద నుంచి బయలుదేరిన పరమాణువుల్లో నెమ్మదిగా వెళ్లేవాటిని వేగంగా వచ్చేవి గుద్ది చెదరగొట్టాయి. జకరాయస్‌కు అవసరమైనవి ఆ నెమ్మది పరమాణువులే. అయితే అదే కాలంలో మామూలు సీసియం కిరణపుంజంతో ఆయన చేసిన గడియారం బాగా పనిచేసింది. దాన్ని 1956లో ఒక కంపెనీ ‘అటామిక్రాన్’ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. సీసియం 9,19,26,31,770 సార్లు కంపించే కాలమే ఒక సెకను అని 1967లో ప్రపంచం ఒప్పుకుంది. ఇక ఓడిపోయిన ఫౌంటెన్ సంగతి. లేజర్లతో పరమాణువులను చల్లబరచి దాదాపు నిలబెట్టడం చేతనయ్యాక, 1980ల చివరలో శాస్త్రవేత్తలు జకరాయస్ ఆలోచనను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు అనేక దేశాల ప్రామాణిక సమయాన్ని సరిచూసేది సీసియం ఫౌంటెన్ గడియారాలే. 20వ భవనం పేరిట చెప్పే విజయాల జాబితాలో ఇలాంటి వైఫల్యాలకూ చోటు ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రైలు బల్ల కింద

భవనంలో ‘ఇ’ రెక్క రెండో అంతస్తులోని ఒక గదిలో 1940ల చివరి నుంచి విద్యార్థుల బొమ్మ రైళ్ల క్లబ్బు ఉండేది. పేరు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. గదిలో పెద్ద బల్ల మీద చిన్న ఊళ్లు, కొండలు, వంతెనలు, పట్టాలు. సభ్యుల్లో ఒక వర్గానికి ఇంజన్లకు రంగులు వేయడం, చెట్లు అమర్చడం ఇష్టం. రెండో వర్గం బల్ల కింద బతికేది. అక్కడ టెలిఫోను కంపెనీ పరికరాల నుంచి వచ్చిన రిలేలు (కరెంటు పారితే వాటంతటవే తెరుచుకుని మూసుకునే మీటలు), స్విచ్చులు, వరసలు వరసలుగా తీగలు. పట్టాల్లో ఏ భాగం ఎవరి అదుపులో ఉండాలో టెలిఫోను డయల్ తిప్పి ఎంచుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఒక రిలే తెరుచుకుంటే ఇంకోటి మూసుకుంటుంది, దాన్నిబట్టి మూడోది కదులుతుంది. కంప్యూటర్ తర్కానికి ఇంతకన్నా మంచి బడి ఆ రోజుల్లో ఎక్కడా లేదు.

1958లో పక్క భవనంలోకి టి.ఎక్స్.-0 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్ వచ్చింది. బల్ల కింద పెరిగిన పీటర్ సామ్సన్, అలన్ కోటక్ లాంటి కుర్రాళ్లు రాత్రుళ్లు దాని చుట్టూ చేరారు. ఆ తర్వాత వచ్చిన పి.డి.పి.-1 యంత్రం మీద ఇదే క్లబ్బుకు చెందిన స్టీవ్ రస్సెల్, మిత్రులు 1962లో ‘స్పేస్‌వార్’ ఆటను తయారుచేశారు. హ్యాకర్ అనే మాట కంప్యూటర్ లోకానికి చేరింది కూడా ఈ గది నుంచే. గమనించవలసింది ఏమిటంటే ఆ క్లబ్బు ఎవరి పరిశోధన ప్రణాళికలోనూ లేదు. విలువైన భవనమైతే, పెద్ద గదిని రైలు బొమ్మలకు దశాబ్దాల తరబడి వదిలేయడానికి ఏ విభాగాధిపతీ ఒప్పుకునేవాడు కాదు.

సైన్యం డబ్బుతో వ్యాకరణం

భాషాశాస్త్రవేత్త మోరిస్ హాలే 1951లో ఎం.ఐ.టి.కి భాషలు బోధించడానికి వచ్చారు. నోమ్ చామ్‌స్కీ 1955లో చేరారు. ఆయన జీతంలో కొంత ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీలోని యంత్రానువాద ప్రాజెక్టు నుంచి వచ్చేది. యంత్రానువాదం మీద చామ్‌స్కీకి ఆసక్తి తక్కువ, భాష అంతరంగ నిర్మాణం మీద ఎక్కువ. ఆయన్ను ఎవరూ ఆపలేదు. 1957లో వెలువడిన ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’ అనే చిన్న పుస్తకం భాషాశాస్త్రం దారిని మార్చింది. 1961లో భాషాశాస్త్రంలో డాక్టరేట్ చదువు మొదలైంది. దానికి ఇల్లు ఆ చెక్క భవనమే, అదీ 1990ల దాకా. ఉస్మానియాలోనో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో భాషాశాస్త్రం చదివే తెలుగు విద్యార్థి ఇవాళ నేర్చుకునే వాక్యనిర్మాణ సిద్ధాంతాల్లో చాలావాటి మూలాలు అక్కడివే.

ఆ చిన్న పుస్తకం ముందుమాటలో కృతజ్ఞతలు చూస్తే అమెరికా సైన్యం, వైమానిక దళం, నౌకాదళం పేర్లు వరసగా కనబడతాయి. 1960ల్లో వియత్నాం యుద్ధాన్ని అందరికన్నా తీవ్రంగా ఖండించినవాళ్లలో అదే చామ్‌స్కీ ఒకరు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి ఆయన్ను వేలెత్తి చూపేవాళ్లున్నారు. నేను ఇక్కడ చూసేది వేరే విషయం. యుద్ధం తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్లలో అమెరికా సైనిక విభాగాలు విశ్వవిద్యాలయాలకు ఇచ్చిన డబ్బు ఎంత వదులు పగ్గాలతో వచ్చిందో ఆ ముందుమాట చెబుతుంది. రాడార్ ఇచ్చిన విజయం చూసి, మేధావులను మేపితే ఎప్పటికైనా ఫలితం వస్తుందన్న నమ్మకం కలిగింది. మూడు నెలలకొకసారి ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీ పురోగతి నివేదిక పంపేది. అందులో మైక్రోవేవ్‌ల పక్కనే ధ్వనిశాస్త్రం, నాడీవ్యవస్థ, వ్యాకరణం ఉండేవి. ఫలానా తేదీకి ఫలానా వస్తువు అప్పగించాలన్న ఒత్తిడి ఉంటే ఇంత విస్తారం సాధ్యం కాదు.

ఆ నివేదికల్లో చోటు చేసుకున్న ఇంకో పనిని క్లుప్తంగా చెబుతాను. జెరోమ్ లెట్విన్, హంబెర్టో మాతురానా, వారెన్ మెక్‌కల్లక్, వాల్టర్ పిట్స్ కలిసి కప్ప కంటి నాడుల మీద ప్రయోగాలు చేసి, కన్ను మెదడుకు పంపేది మొత్తం దృశ్యాన్ని కాదని, కదిలే చిన్న మచ్చ, అంచు, మసక లాంటి ముందే విడదీసిన సమాచారాన్నని 1959లో చూపారు. నాడీశాస్త్రంలో అది మైలురాయి. లెట్విన్ 20వ భవనాన్ని ఎం.ఐ.టి.కి గర్భసంచి లాంటిదనేవారు.

అమర్ బోస్ పేరు మన పాఠకులకు స్పీకర్ల వల్ల తెలుసు. బ్రిటిష్ పోలీసుల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన బెంగాలీ స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు ఆయన. 1956లో డాక్టరేట్ ముగిసే సమయానికి ఒక ఖరీదైన స్టీరియో కొనుక్కుని, కచేరీ హాల్లో వినే ధ్వని దానిలో పలకకపోవడంతో నిరాశపడ్డారు. ఆయన చదువు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ధ్వనిశాస్త్రం వేరే రంగం. కానీ ఆ ప్రయోగశాల అదే భవనంలో ఉంది. అక్కడికి వెళ్లి ప్రయోగాలు మొదలుపెట్టారు, 1964లో కంపెనీ పెట్టారు, 2001 దాకా ఎం.ఐ.టి.లోనే పాఠాలు చెప్పారు. 2011లో ఆ కంపెనీ వాటాల్లో అధిక భాగాన్ని, ఓటు హక్కు లేకుండా, ఎం.ఐ.టి.కే ఇచ్చేశారు. అదే ధ్వనిశాస్త్ర ప్రయోగశాలకు చెందిన రిచర్డ్ బోల్ట్, లియో బెరనెక్ అప్పటికే, 1948లోనే, ఒక సలహా సంస్థను మొదలుపెట్టారు. త్వరలోనే రాబర్ట్ న్యూమన్ కూడా భాగస్వామి కావడంతో దానికి ముగ్గురి పేర్లూ వచ్చాయి. ఇంటర్నెట్‌కు పునాది అయిన ఆర్పానెట్‌లో సందేశాలను దారి మళ్లించే తొలి యంత్రాలను 1969లో తయారుచేసి ఇచ్చింది ఆ సంస్థే.

చిక్కు ఎక్కడ ఉంది

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇదంతా భవనం చలవేనా?

అందరూ ముందుగా చెప్పే జవాబు యాదృచ్ఛిక పరిచయాలు. భవనం పొడవాటి వరండాకు దువ్వెన పళ్లలా రెక్కలు అతికించినట్టు ఉండేది. రెక్కల అక్షరాలు వరసలో ఉండవు, గదుల నంబర్లు కొత్తవాళ్లకు అంతుపట్టవు. దారి తప్పినవాళ్లు ఎవరో ఒకరి తలుపు తట్టక తప్పదు. మూడే అంతస్తులు కనుక లిఫ్టులో నోరు మూసుకుని నిలబడే బదులు వరండాల్లో నడిచేవారు. ఇందులో నిజం ఉంది. ఎం.ఐ.టి.కే చెందిన థామస్ అలెన్ 1970ల్లో ఇంజనీర్ల మధ్య మాటామంతీని కొలిచి చూశారు. ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ వాళ్లు వృత్తి విషయాలు మాట్లాడుకోవడం వేగంగా పడిపోతుంది, 50 మీటర్లు దాటాక దాదాపు అడుగంటుతుంది.

అయితే ఆ కొలతే ఈ వాదానికి హద్దు గీస్తుంది. 20వ భవనం ఆ చివరి నుంచి ఈ చివరికి 50 మీటర్లకన్నా ఎంతో ఎక్కువ. ఒక రెక్కలో ఉన్నవాళ్లు దూరపు రెక్కలో ఉన్నవాళ్లను రోజూ కలిసే అవకాశం తక్కువ. నిజంగా కలిసి పనిచేసినవాళ్ల పేర్లు చూస్తే చాలామంది ఒకే ఎలక్ట్రానిక్స్ లేబొరేటరీ గొడుగు కింద, ఒకే నిధి నుంచి జీతం తీసుకున్నవాళ్లు. హాలేకూ చామ్‌స్కీకీ పరిచయం అంతకుముందు హార్వర్డ్‌లోనే అయింది. వాళ్లను కలిపింది వరండా అనడానికి ఆధారం లేదు.

జాబితాలో ఇంకో మోసం ఉంది. యాభై ఐదేళ్లలో ఆ భవనంలో వేల మంది పనిచేశారు. వాళ్లలో పేరు రానివాళ్ల పనిని ఎవరూ లెక్కపెట్టరు. అంత పెద్ద భవనం ఏదైనా, ఎం.ఐ.టి. లాంటి చోట, అంత కాలం నిలబడితే గొప్ప ఆవిష్కరణల జాబితా ఒకటి తయారవుతుంది. కాబట్టి విజయాల పట్టిక పొడవును చూసి గోడలకు మహత్తు అంటగట్టలేం.

మరి భవనానికి చెందిన పుణ్యం ఏమీ లేదా అంటే, ఉంది. అది రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి నిర్మాణంలో ఉంది. బరువు మోసే నేల, తీసేయగల గోడలు, చేతికందే తీగలు ప్రయోగానికి పట్టే కాలాన్ని నెలల నుంచి రోజులకు తగ్గించాయి. రెండోది అంతకన్నా బలమైనది, హోదాకు సంబంధించినది. రేపో మాపో కూల్చేస్తారు కనుక దాన్ని చెక్కుచెదరకుండా కాపాడవలసిన బాధ్యత ఎవరికీ లేదు. మేకు కొట్టడానికి, గోడ తీయడానికి, కిటికీలోంచి కేబుల్ వేలాడదీయడానికి అనుమతి అడగాలన్న ఆలోచనే రాదు. ఏ విభాగమూ ఆ గదులకోసం కొట్లాడలేదు కనుక బలం లేని పనికీ చోటు దొరికింది. తాత్కాలికం అన్న ముద్రే ఆ స్వేచ్ఛను యాభై ఏళ్ల పాటు కాపాడింది. శాశ్వతమని ప్రకటించి, మరమ్మతులు చేసి, నిబంధనలు అమలుచేసి ఉంటే అదే భవనం వేరేగా మారేది.

నిర్మాణం, హోదా, వదులు పగ్గాల డబ్బు. మూడూ ఒకేసారి ఉన్నచోట ఏమవుతుందో చూడడానికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌ను కూడా చూడవచ్చు. అక్కడి కావెండిష్ లేబొరేటరీ ఆవరణలో 1950ల చివర్లో ఒక గుడిసెలాంటి ముందే తయారుచేసిన షెడ్డు ఉండేది. అందరూ దాన్ని ‘హట్’ అనేవారు. మాక్స్ పెరూట్జ్, జాన్ కెండ్రూ, ఫ్రాన్సిస్ క్రిక్, సిడ్నీ బ్రెన్నర్ అందులో పనిచేశారు. మొదటి ముగ్గురికి 1962లో నోబెల్ వచ్చింది, బ్రెన్నర్‌కు 2002లో. వాళ్ల వెనక ఉన్నది ప్రభుత్వ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ ఏళ్ల తరబడి ఓపికగా ఇచ్చిన నిధి. షెడ్డు ఒక్కటే ఉండి ఆ నిధి లేకపోతే అది షెడ్డుగానే మిగిలేది.

భవనాన్ని పొగిడేటప్పుడు ఒక సంగతి దాచకూడదు. అది లోపలివాళ్లను ఇబ్బంది పెట్టింది. వేసవిలో ఉడికిపోయేది, చలికాలంలో గాలి చొరబడేది, కప్పు కారేది, దుమ్ము పేరుకునేది. గోడల్లో ఆస్బెస్టాస్ ఉంది. చెక్క కట్టడం కనుక నిప్పు భయం ఎప్పుడూ ఉండేది. కూల్చడం తప్పని నిర్ణయమని నేను అనను.

దాని స్థానంలో

1998లో పాతవాళ్లంతా చేరి రెండు రోజులు వీడ్కోలు సభ జరుపుకున్నారు. ఆ తర్వాత కూల్చివేత సాగింది. అదే నేల మీద వాస్తుశిల్పి ఫ్రాంక్ గెరీ రూపొందించిన స్టాటా సెంటర్ 2004లో తెరుచుకుంది. ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లు. వంగిన గోడలు, వాలిన స్తంభాలు, మధ్యలో అందరూ నడిచే వీధిలాంటి నడవా. పాత భవనంలోని కలుపుగోలుతనాన్ని తిరిగి తేవాలన్నది ఉద్దేశం. కారుతోందని, గోడలు పగిలాయని, బూజు పడుతోందని ఆరోపిస్తూ ఎం.ఐ.టి. 2007లో గెరీ సంస్థ మీదా నిర్మాణ సంస్థ మీదా దావా వేసింది. 2010లో రాజీ కుదిరింది. కారడంలో పాతదీ కొత్తదీ సమానమే అని నవ్వుకునేవాళ్లతో నేను చేరను. ఆ భవనంలోని కంప్యూటర్ శాస్త్ర, కృత్రిమ మేధ ప్రయోగశాల ప్రపంచంలోని గొప్పవాటిలో ఒకటి. నా అభ్యంతరం వేరు. పాత భవనం నుంచి నేర్చుకున్నది ఎదురుపడడం గురించి మాత్రమే. చేతులు పెట్టి మార్చుకునే హక్కు గురించి నేర్చుకున్నది తక్కువ. ఒక ప్రసిద్ధ వాస్తుశిల్పి సంతకం ఉన్న గోడను తన ప్రయోగానికి అడ్డమని కోసేయడానికి ఏ పరిశోధకుడికి చేతులాడతాయి?

భాషాశాస్త్ర విభాగం కొన్నేళ్లు వేరే భవనంలో గడిపి, 2004లో స్టాటా సెంటర్ పై అంతస్తుల్లోకి చేరింది. రైలు క్లబ్బుకు ప్రాంగణం ఉత్తరపు అంచున ఇంకో గది దొరికింది. పాత గదిలోనే అతుకుతూ పెంచిన నమూనాను ఉన్నది ఉన్నట్టు తరలించడానికి వీలుకాలేదు. సభ్యులు కొత్తచోట మొదటి పట్టా నుంచి మళ్లీ కట్టుకుంటూ వచ్చారు. ఈసారి బల్ల కింద రిలేలకు బదులు తాము రూపొందించిన ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టుకున్నారు.